ఎర్రగడ్డ సంతలో 2,400 పెట్టి రికార్డులు కొన్నా, మోసపోయానా?

కొత్తముల్లు
నా పుట్టినరోజుకి మా ఆవిడ సూట్‌కేస్ లాంటి రికార్డు ప్లేయర్ ఒకటి కొనిచ్చింది. ప్లేయర్ వచ్చింది సరే, వేయడానికి ప్లేట్లు లేవు. మొన్న ఆదివారం పొద్దున పదింటికి ఎర్రగడ్డ మెట్రో దిగి సంతలో పడ్డాను. ఒకచోట టార్పాలిన్ మీద పాత మిక్సీలు, టీవీ రిమోట్లు, కుళాయి తలలు పరిచి ఉన్నాయి. ఆ పక్కనే గోనె సంచిలో రికార్డులు. ఒక్కోటి 300 అన్నాడు. గంట బేరమాడి పన్నెండు 2,400కి పట్టుకొచ్చా. మెట్రోలో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే రాజ్యం గెలిచినట్టుంది.

ఇంటికొచ్చాక సంగతి వేరు. రెండింటికి అట్ట మీద తెలుగు సినిమా బొమ్మ, లోపల ఇంగ్లీషు నేర్పే పాఠాలు. ఒకటి అప్పడంలా వంగి ఉంది, ముల్లు దాని మీద పడవలా ఊగుతోంది. నాలుగు వేస్తే పెనం మీద నీళ్ళు చల్లినట్టు చుయ్‌మంటున్నాయి, పాట ఎక్కడో వెనకాల. మూడు బాగా బరువైనవి, 78 అని ఉంది, అవి వేస్తే గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. బుద్ధిగా పాడుతున్నవి రెండే. అందులో ఒకటి ఘంటసాల భగవద్గీత.

ఇవి కాక కొసరుగా ఒకటి ఇచ్చాడు. దానికి ఒకవైపే పాట గాడులున్నాయి, రెండోవైపు నున్నగా ఉంది. "డిఫెక్ట్ పీసు సార్, ఊరికే తీస్కోండి" అన్నాడు.

అక్కడ ప్లేయర్ ఉండదు కదా, వేసి చూడకుండా మంచిదో చెడ్డదో ఎలా కనిపెడతారు మీరంతా? 2,400 ఎక్కువేనా?

సైడ్_బి
పాడేవి రెండు. అంటే ఒక్కోటి 1,200 పడింది. అభినందనలు.

గోదారి_గట్టు
భగవద్గీత రాకుండా పాత రికార్డుల మూట కొన్నవాడిని నేనింతవరకు చూడలేదు. నా దగ్గర మూడున్నాయి. ఎవరికైనా కావాలంటే పోస్టు ఖర్చులు నేనే పెట్టుకుంటా.

బెజవాడ_బాబాయ్
@గోదారి_గట్టు, నవ్వులాట కాదు, కారణం ఉంది దానికి. 1974లో ఆయన పోయాక వచ్చింది ఆ రికార్డు. ప్లేయర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ కొన్నారు, లేని ఇంట్లో కూడా కొని దేవుడి గదిలో పెట్టారు. ఎక్కువ అచ్చయింది కాబట్టి ధర పలకదు. కానీ చాలావాటికి గీత కూడా పడి ఉండదు, ఎందుకంటే భయభక్తులతో వాడారు. కొత్తవాళ్ళకి నా సలహా, ముందు అలాంటివే కొనుక్కోండి. 100 రూపాయలకి శుభ్రమైన ప్లేటు.

ఇక చూసే పద్ధతి. ప్లేయర్ అక్కర్లేదు, ఫోన్ టార్చ్ చాలు. ప్లేటుని పడమటి సూర్యుడి వెలుగులా ఏటవాలుగా వెలుగు పడేలా పట్టుకో. నల్లగా నీళ్ళలా మెరిస్తే సరే. బూడిదరంగు తిరిగి ఉంటే గాడులు అరిగిపోయాయి, దాన్ని దేవుడు కూడా బాగు చేయలేడు. పైపైన సన్నగీతలు ఉంటే భయపడకు, గోరుతో అడ్డంగా మెల్లగా రాసి చూడు. గోరుకి తగిలిందా, ముల్లుకీ తగులుతుంది, టక్ టక్ అని కొడుతుంది. తర్వాత మధ్య చిల్లు చుట్టూ చూడు. చీకట్లో తాళంచెవి పెట్టబోయి తలుపంతా గీరినట్టు లేబుల్ మీద గీట్లుంటాయి. ఎక్కువ గీట్లుంటే ఎక్కువసార్లు వేశారన్నమాట. ఆఖర్న కంటి ఎత్తుకి పట్టుకుని అంచు చూడు, వంకర తెలిసిపోతుంది.

అట్ట చూసి మాత్రం ఎప్పుడూ కొనకు. అట్ట మీద నంబరు, లేబుల్ మీద నంబరు ఒకటేనా అని చూసుకోవాలి. ఇది రెండు సెకన్ల పని, నువ్వది చేసి ఉంటే ఇంగ్లీషు పాఠాలు వచ్చేవి కాదు.

ఇప్పుడు తెచ్చినవన్నీ ముందు కడుగు. సగం చప్పుడు మురికిదే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ నాలుగు వంతులు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క. మెత్తని గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడువు. లేబుల్ తడవనీకు.

మైకుసెట్_రాంబాబు
చుయ్‌మనే ఆ నాలుగింటి లేబుల్ మీద ఎరుపో ఆకుపచ్చో పెయింటుతో పేరు గానీ నంబరు గానీ రాసుందా?

కొత్తముల్లు
ఉంది! ఎర్ర పెయింటుతో 41, 87, 88, ఇంకోటి చెరిగిపోయింది. మీకెలా తెలుసు?

మైకుసెట్_రాంబాబు
మా నాన్న తణుకు దగ్గర మైకు సెట్టు నడిపేవాడు. ఆ నంబర్లు మేమూ వేసేవాళ్ళం. రెండు షాపుల సామాను ఒకే పెళ్ళికి వెళ్తే కలిసిపోకుండా గుర్తు.

ఆ ప్లేట్లు ఏం అనుభవించాయో చెప్తా. ముహూర్తాల రోజుల్లో పొద్దున నాలుగింటికి మొదలెడితే అప్పగింతల దాకా ఆపేది లేదు. హారన్ రెండు వీధుల అవతలికి వినబడాలి. పందిట్లో జనం నడుస్తుంటే బల్ల ఊగి ముల్లు ఎగిరేది. అది ఎగరకుండా ఆర్మ్ తల మీద పావలా బిళ్ళ పెట్టేవాళ్ళం. అప్పటికీ ఎగిరితే అర్ధరూపాయి. ముల్లు మార్చడం అనేది సంవత్సరానికోసారి, అదీ నాన్న మనసు బాగుంటే. మరి గాడులు బూడిదరంగు తిరగవా?

ముత్యాల ముగ్గు డైలాగుల ఎల్పీ ఉండేది మాకు, అంటే ఎక్కువసేపు నడిచే వినైల్ ప్లేటు. పాటల కంటే దానికే గిరాకీ. పెళ్ళివారు పాటలు పెట్టమంటే, కుర్రాళ్ళు బల్ల దగ్గరకొచ్చి "కాంట్రాక్టరు మాటలు పెట్టన్నా" అని గొడవ చేసేవారు. ఆ ప్లేటు చివరికి తెల్లబడింది, నిజంగానే.

కాబట్టి పెయింటు గుర్తు కనబడిందంటే 20 రూపాయలు కూడా పెట్టకండి. జ్ఞాపకం కోసమైతే వేరే సంగతి.

సైడ్_బి
పావలా బిళ్ళ 😂 ఇప్పుడు వేలు పోసి అర గ్రాము తేడా కొలిచే స్కేళ్ళు కొనేవాళ్ళకి ఈ పోస్టు చూపించాలి.

పాతబస్తీ_పాషా
భయ్యా పదింటికి పోయి రికార్డులు దొరుకుతయ్ అనుకున్నవా? ఎర్రగడ్డకి ఆరింటికి పోవాలె. డీలర్లు ఇంకా చీకటి ఉండంగనే టార్చ్ లైట్లు పట్టుకొని వస్తరు, సంచి విప్పకముందే చేతులు పెడతరు. నీకు వచ్చింది వాళ్ళు ఏరుకోంగ మిగిలింది.

బేరం గురించి ఒక్క మాట. రికార్డుల దగ్గరికి సీదా పోయి కూసోవద్దు. ముందుగాల ఆ ఇస్త్రీ పెట్టె ఎంత, ఈ గడియారం ఎంత అని అడుగు. పోతా పోతా "అవేంటి, ప్లేట్లా? నడుస్తయా?" అను. నువ్వు గంట కూసొని ఒక్కొక్కటి తిప్పి చూసినవంటే వానికి సమజైతది, రేటు అక్కడ్నే ఫిక్స్.

గురువారం టైం దొరికితే జుమ్మేరాత్ బజార్ కూడా చూడు. చార్మినార్ దిక్కు వస్తే ముర్గీ చౌక్ లోపల పాత సామాన్ల దుకాణాలున్నయ్, అక్కడ గ్రామఫోన్లు కూడా ఉంటయ్, కానీ వాళ్ళకి ధరలు బాగా తెలుసు.

గోదారి_గట్టు
నేను హైదరాబాద్ కొత్తలో ఒక ఆదివారం ఆటో కట్టించుకుని జుమ్మేరాత్ బజార్ వెళ్ళా. ఖాళీ రోడ్డు, రెండు మేకలు. ఆటో ఆయన్ని అడిగితే "జుమ్మేరాత్ అంటే గురువారం సార్, పేర్లనే ఉన్నది కదా" అన్నాడు. రాజమండ్రి వాడికి ఉర్దూ ఎవరు నేర్పుతారండీ.

శాన్‌హోసే_సుబ్బు
ఇక్కడ అమెరికాలో మా శాన్‌హోసేలో బెరియెస్సా ఫ్లీ మార్కెట్ అని పాత సామాన్ల సంత ఉంది, 1960 నుంచి. రవిశంకర్ సితార్ ఎల్పీలు కొంచెం తిరిగితే దొరుకుతాయి, 60ల్లో ఇక్కడి కుర్రకారు తెగ కొన్నారుగా. అవి మహా శుభ్రంగా ఉంటాయి. రెండుసార్లు వేసి అటకెక్కించినట్టున్నారు. మన తెలుగిళ్ళలో వినబడేవి మాత్రం 11 ఏళ్ళలో ఒక్కటి దొరికింది, ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం. అట్ట మీద బాల్‌పెన్‌తో ఎవరో "అమ్మ ఇచ్చినది, జాగ్రత్త" అని రాసుకున్నారు. అది అక్కడికెలా వచ్చిందో ఆలోచించడం మానేశా.

బెజవాడ_బాబాయ్
@శాన్‌హోసే_సుబ్బు, ఆ సుప్రభాతం రికార్డు 1963ది. ఆవిడ రాయల్టీ మొత్తం తిరుపతి దేవస్థానం వేద పాఠశాలకి రాసిచ్చేశారు. ఉంచుకో, అమ్మకు.

శాన్‌హోసే_సుబ్బు
అమ్మడమా! రోజూ పొద్దున వేస్తాం. మా అబ్బాయి అలారం అనుకుంటాడు దాన్ని.

ఫిజిక్స్_మాస్టారు
అసలు సమస్యకి వద్దాం. ఆ మూడు 78 ప్లేట్లు పాడైపోలేదు, వాటికి తప్పు ముల్లు పెట్టారు. 78 అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం ప్లేటు, దాని గాడి వెడల్పు ఎక్కువ. ఎల్పీ ముల్లు మొన అంగుళంలో వెయ్యో వంతులో ముప్పావు ఉంటుంది, 78 ముల్లు దానికి నాలుగు రెట్లు లావు, మూడు వెయ్యో వంతులు. సన్న ముల్లు ఆ పెద్ద గాడిలో గోడలకి ఆనకుండా అడుగున మట్టిలో కొట్టుకుపోతూ ఉంటుంది. బండి చక్రం కాలవలో పడ్డట్టు. మీకు వినబడే నూతి గొంతు అదే. ప్లేయర్ మీద 78 స్పీడు మీట ఉన్నంత మాత్రాన అది 78 వాయిస్తుందని కాదు.

రెండో సంగతి, సూట్‌కేస్ ప్లేయర్లలో ఉండే కార్ట్రిడ్జి, అంటే ముల్లు బిగించి ఉండే ముక్క, సిరామిక్‌ది. ఐదారు గ్రాముల బరువు మోపుతుంది. మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జి రెండు గ్రాముల లోపే.

సైడ్_బి
అంటే రాంబాబు గారి పావలా బిళ్ళని ఫ్యాక్టరీలోనే బిగించి అమ్ముతున్నారన్నమాట. ఆ డబ్బా పారేయండి సార్.

కొత్తముల్లు
@సైడ్_బి, పారేస్తే మా ఆవిడ నన్ను పారేస్తుంది. ఈ థ్రెడ్ తనూ చదువుతోంది.

సైడ్_బి
మేడమ్, చాలా మంచి ప్లేయర్. రంగు కూడా బాగుంది.

మైకుసెట్_రాంబాబు
నన్నడిగితే అంత కంగారు అక్కర్లేదు. 100 రూపాయల పాత ప్లేటు మీద ఐదు గ్రాములు పడితే కొంపలేం మునగవు. వినడం మొదలెట్టనివ్వండి ముందు. అరగని రికార్డంటే వినని రికార్డే కదా. 8,000 పోసి కొన్న, కొత్తగా అచ్చేసిన ప్లేటు మాత్రం దాని మీద వేయకు.

ఫిజిక్స్_మాస్టారు
ఒప్పుకోను. అదే ప్లేటు మీ తర్వాత ఇంకొకరికి వెళ్తుంది. ఆయన కూడా ఇలాగే వచ్చి చుయ్‌మంటోందని పోస్టు పెడతాడు.

గోదారి_గట్టు
చుయ్‌మనే వాటికి ఫెవికాల్ పట్టించండి. నిజం. ప్లేటు మీద మందంగా పోసి, ఒక రాత్రి ఎండనిచ్చి, పొరలా లాగేస్తే గాడిలో మురికంతా దానితో ఊడొస్తుంది.

బెజవాడ_బాబాయ్
నేను ఒకసారి చేశా. సగం దూరం బ్రహ్మాండంగా ఊడింది. సగం దగ్గర తెగింది. మిగతాది గోళ్ళతో గీకడానికి నాలుగు ఆదివారాలు పట్టింది.

గోదారి_గట్టు
పల్చగా పోసి ఉంటారు. అట్టుపిండిలా ఉండాలి.

బెజవాడ_బాబాయ్
అట్టుపిండి కొలతలు నాకు చెప్పకు.

కొత్తముల్లు
అప్‌డేట్. బాబాయ్ గారు చెప్పినట్టు ద్రావణం కలిపాను. భగవద్గీత కడిగా, అద్దంలా మెరుస్తోంది. తర్వాత 78ల్లో ఒకటి కడిగా, హరిశ్చంద్ర పద్యాలు. గుడ్డ మొత్తం నల్లగా అయ్యింది. ఎంత మురికో అని సంతోషించి ఇంకా గట్టిగా తుడిచా. ఆరాక చూస్తే మెరుపు పోయి పలక బలపం రాసినట్టుంది. ఇంకొంచెం ఆల్కహాల్ ఎక్కువ వేసి మళ్ళీ తుడవమంటారా? తర్వాత ఆ కొసరు ప్లేటు కూడా కడుగుదామని బయటపెట్టా.

రేణుక_78
ఆపండి!!! ఆ గుడ్డ కింద పెట్టేయండి. ఇంకేదీ ముట్టుకోకండి.

మీరు తుడిచింది మురికి కాదు, ప్లేటునే. 78లు వినైల్ కావు. లక్కతో చేసేవాళ్ళు, లక్కలో రాతిపొడి, నల్లరంగు కలిపి. లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. మీ ఇంటికి పాలిష్ వేయడానికి వచ్చే వడ్రంగిని చూడండి, స్పిరిట్‌లో లక్క నానబెట్టి గుడ్డతో రాస్తాడు. మీరు అదే పని తిరగేసి చేశారు. 78కి మామూలు నీళ్ళు, ఒక చుక్క సబ్బు, వెంటనే ఆరబెట్టడం, అంతే.

@బెజవాడ_బాబాయ్ గారూ, "అన్నీ కడుగు" అని ఎలా రాస్తారండీ?

బెజవాడ_బాబాయ్
నేను ఎల్పీల గురించి చెప్పాను.

సైడ్_బి
"తెచ్చినవన్నీ ముందు కడుగు." పైన అలాగే ఉంది బాబాయ్.

బెజవాడ_బాబాయ్
సరే, పొరపాటే. అబ్బాయ్, ఆ హరిశ్చంద్ర పద్యాల ప్లేటు నా దగ్గర ఇంకోటి ఉంది, బాగున్నదే. అడ్రసు పంపు, నీకు పంపిస్తా. హరిశ్చంద్రుడికి కష్టాలు నా వల్ల కూడా వచ్చాయి.

కొత్తముల్లు
అయ్యో, పర్లేదు బాబాయ్ గారూ.

రేణుక_78
ఇప్పుడు ఆ కొసరు సంగతి చెప్పండి. మీ మొదటి పోస్టు చదివినప్పటి నుంచి నాకు అదే టెన్షన్. సైజెంత? నున్నగా ఉన్న వైపు నిజంగా ఖాళీయేనా? టార్చ్ పక్కనుంచి వేసి చూడండి, ఏదైనా బొమ్మ ఒత్తినట్టు ఉందా?

కొత్తముల్లు
స్కేలు పెట్టి కొలిచా, 10 అంగుళాలు. ఖాళీ వైపు మధ్యలో... ఉందండీ! మొన్న కనబడలేదు. రెక్కలున్న చిన్న పిల్లాడు కూర్చుని, చేతిలో ఈకలాంటిది పట్టుకుని, ఒక గుండ్రటి పళ్ళెం మీద రాస్తున్నట్టు ఉంది. మా ఆవిడ మన్మథుడంటోంది. పాటవైపు లేబుల్ సగం గీరుకుపోయింది. ఇంగ్లీషులో చివరి ముక్క మాత్రం చదవగలిగా, "నోవర్".

రేణుక_78
ఒక్క నిమిషం. మంచినీళ్ళు తాగొస్తా.

రేణుక_78
ఆ "నోవర్" హనోవర్. జర్మనీలో ఊరు. మన్మథుడు కాదు, రికార్డింగ్ ఏంజెల్ అంటారు. గ్రామఫోన్ కంపెనీ లేబుల్ మీదికి హారన్ ముందు కూర్చున్న కుక్క బొమ్మ రాకముందు వాళ్ళ గుర్తు ఇదే.

1902 నవంబరులో గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తాలో, మన దేశంలో మొదటిసారి గ్రామఫోన్ కంపెనీకి రికార్డింగులు చేశాడు, అక్కడి పేరున్న గాయని గౌహర్ జాన్ పాడింది అప్పుడే. తర్వాత ఆ కంపెనీ మనుషులు విడతలు విడతలుగా వచ్చారు. ఇక్కడ ఫ్యాక్టరీ లేదు కాబట్టి మైనం మీద పాట ఎక్కించి, ఓడలో హనోవర్ పంపి, అక్కడ ప్లేట్లు అచ్చువేసి, మళ్ళీ ఓడలో తెచ్చి ఇక్కడ అమ్మేవాళ్ళు. కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ 1908లో మొదలైంది. మొదట్లో ఒకవైపే పాట ఉండేది. మీ "డిఫెక్ట్ పీసు" డిఫెక్ట్ కాదు. దాని వయసు నూరేళ్ళు దాటింది.

ఫిజిక్స్_మాస్టారు
ఇందులో ఇంకో తమాషా. లక్కకి పెద్ద దిక్కు మన దేశమే. మన అడవుల్లో పురుగు పెట్టిన లక్క ఓడెక్కి జర్మనీ వెళ్ళి, మన పాట మోసుకుని తిరిగొచ్చింది. ఏటికొప్పాక బొమ్మకి రంగు పట్టించే లక్క, ఈ ప్లేటు లక్క ఒక జాతివే.

సైడ్_బి
కడిగేవాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే ఆల్కహాల్ పెట్టి కడిగేసేవాడు.

పాతబస్తీ_పాషా
ఊరికే ఇచ్చిండా!! నేను ప్రతి ఆదివారం పోతున్న, 14 ఏళ్ళు. నాకు భగవద్గీతలే ఇస్తడు.

భయ్యా, ఎంతకిస్తవ్? నువ్వు పెట్టిన 2,400 నేనిస్త, ఆ అప్పడం ప్లేటు కూడా తీసుకుంట.

రేణుక_78
@పాతబస్తీ_పాషా, పాషా భాయ్, ముందు వినాలి. తర్వాత బేరం. కొత్తముల్లు గారూ, దాన్ని మీ ప్లేయర్ మీద పెట్టకండి. పాతకాలం తిప్పుడు గ్రామఫోన్ ఎవరైనా ఇస్తామన్నా దాని మీద అసలు పెట్టకండి. ముల్లు ఉండే దాని తల, సౌండ్‌బాక్సు అంటారు, ఆ బరువుకి ఒక్కసారికే ఎంతో పోతుంది. నా దగ్గర 78 ముల్లు ఉన్న టర్న్‌టేబుల్ ఉంది, స్పీడు కూడా మార్చుకోవచ్చు. సికింద్రాబాద్ రాగలరా? మీ ఆవిడని కూడా తీసుకురండి.

కొత్తముల్లు
శనివారం వస్తాం.

(తర్వాత కలిపింది: మూడు రోజులు ఎవరూ పనిచేసుకోలేదని నా అనుమానం. పాషా భాయ్ నాకు ప్రైవేటుగా తొమ్మిది మెసేజ్‌లు పెట్టారు.)

మైకుసెట్_రాంబాబు
తీసుకెళ్ళేటప్పుడు పడుకోబెట్టి దాని మీద ఏదీ పెట్టకు. లక్క ప్లేటు గాజుతో సమానం, కిందపడితే అప్పడమే.

కొత్తముల్లు
వెళ్ళొచ్చాం. వివరంగా రాస్తా.

ప్లేటుని మా ఆవిడ పట్టుచీర అట్టపెట్టెలో, కింద ఒక నూలు చీర, పైన ఒకటి వేసి పెట్టింది. మెట్రో సెక్యూరిటీ దగ్గర పెట్టె స్కానర్‌లో పెట్టమన్నారు. మా ఆవిడ చంటిపిల్లని ఇచ్చినట్టు రెండు చేతులతో దింపింది. ఆ అమ్మాయి "ఏముంది మేడమ్ లోపల?" అంటే "మా పెద్దావిడ" అంది.

రేణుక గారు ముందు మెత్తగా ఉన్న బ్రష్షుతో దుమ్ము దులిపి, తడిపి పిండేసిన గుడ్డతో ఒక్కసారి తుడిచారు. 78 స్పీడులో వేస్తే చిన్నపిల్ల పాడినట్టు సన్నగా వచ్చింది. ఆ రోజుల్లో స్పీడు ఇంత అని స్థిరంగా ఉండేది కాదట. ఆవిడ మెల్లగా తగ్గిస్తూ వచ్చారు. ఒకచోట ఉన్నట్టుండి గొంతు మనిషి గొంతైంది. అప్పుడు మా ఇద్దరికీ ఒళ్ళు జలదరించింది.

ఆడగొంతు. వెనకాల ఫిడేలు, మృదంగం ఎక్కడో దూరంగా. మైకు లేదు కదా, పెద్ద గొట్టం నోటి ముందు పెట్టుకుని అరిచినట్టు పాడాలట, అందుకే పాట మొత్తం ఒకే ఎత్తులో ఉంది. భాష తెలుగే, "రారా" అన్నది స్పష్టంగా నాలుగుసార్లు వినబడింది. మా ఆవిడ జావళి అంటోంది, అదే, పాతకాలం శృంగార పాట. మూడు నిమిషాలకి పాట ఆగింది. ఆగాక గాయని పేరు చెప్పింది! సరిగ్గా అక్కడ ప్లేటు మీద అడ్డంగా పెద్ద గీత. "టక్" అని కొట్టి సగం పేరు మింగేసింది. ఆ చివరి పది సెకన్లు క్లిప్పు పెడుతున్నా, వినండి.

రేణుక_78
పేరు చెప్పడం అప్పటి పద్ధతి. హనోవర్‌లో అచ్చువేసే వాళ్ళకి మన భాషలు రావు కదా, మైనం పళ్ళాలు వందల్లో వస్తే ఏది ఎవరిదో తెలియాలి. అందుకని పాట చివర్లో పాడినవాళ్ళు పేరు చెప్పేవాళ్ళు. గౌహర్ జాన్ ఇంగ్లీషులో చెప్పింది.

గోదారి_గట్టు
హెడ్‌ఫోన్ పెట్టి ఆరుసార్లు విన్నా. "గోదావరి".

సైడ్_బి
రాజమండ్రి వాడికి కుక్కర్ విజిల్‌లో కూడా గోదావరే వినబడుతుంది. నాకైతే "...వరమ్మ" అని వినబడింది. రాజేశ్వరమ్మ, భువనేశ్వరమ్మ అలా.

ఫిజిక్స్_మాస్టారు
నవ్వకండి. సేలం గోదావరి అని ఆ కాలంలోనే గ్రామఫోన్‌కి పాడిన గాయని నిజంగా ఉన్నారు. జావళీలు పాడేవారు. ఈ ప్లేటు ఆవిడదేనని నేననను, ఆ పేరు అసాధ్యం మాత్రం కాదు.

గోదారి_గట్టు
ఈ పోస్టుని ఫ్రేము కట్టించి సైడ్_బి గారింటికి పంపుతున్నా.

సైడ్_బి
"...వరమ్మ" అనే నా మాట మీద నేనున్నా. చివర్లో పెదాలు మూసిన శబ్దం ఉంది. గోదావరికి పెదాలు మూయక్కర్లేదు.

బెజవాడ_బాబాయ్
ఆ మూసిన శబ్దం గీత కొట్టింది కూడా కావచ్చు. పేరు వెతకాలంటే చెవులు కాదు, లేబుల్ చుట్టూ ఖాళీ జాగాలో నంబరు చెక్కి ఉంటుంది, అది చూడాలి. ఈసారి సలహా జాగ్రత్తగానే ఇస్తున్నా, కడగమనట్లేదు.

రేణుక_78
నంబరు రాసుకున్నాం. ఒక అంకె మూడో ఎనిమిదో తేలట్లేదు. కేటలాగులు తెలిసిన ఒకరికి రెండు రకాలుగానూ పంపాను.

మైకుసెట్_రాంబాబు
నాకు పేరు అందలేదు. కానీ పేరుకి ముందు ఆవిడ చిన్నగా గొంతు సవరించుకుంది, గమనించారా? ఐదో సెకను దగ్గర. మా నాన్న మైకు టెస్టింగ్ చెప్పేముందు అచ్చం అలాగే చేసేవాడు.

కొత్తముల్లు
ఇప్పుడే మళ్ళీ విన్నా. నిజమే. మా ఆవిడ అది నాలుగుసార్లు వేయించుకుంది.

పాతబస్తీ_పాషా
5,000.

కొత్తముల్లు
అమ్మను పాషా భాయ్. చీర పెట్టె కూడా ఇక దానిదేనట, ఇంట్లో ఆర్డర్ వచ్చింది.

రేణుక_78
ఒకటి అడగడం మర్చిపోయా. ఆ గోనె సంచిలో ఇలాంటి బరువైనవి ఇంకా ఉన్నాయా?

కొత్తముల్లు
అడుగున ఇంకో ఐదారు ఉన్నట్టున్నాయండీ. అట్టలు లేవు, మట్టి కొట్టుకుని ఉన్నాయని తీయలేదు. కుళాయి తలలు అమ్మే ఆయన పక్కన, నీలం టార్పాలిన్.

పాతబస్తీ_పాషా
ఇది అందరి ముందు ఎందుకు రాసినవ్ భయ్యా!!! డిలీట్ కొట్టు జల్దీ!

సైడ్_బి
ఆలస్యమైంది. రేపు ఆదివారం. ఐదున్నరకి అలారం పెట్టేశా.

గోదారి_గట్టు
నేను రాత్రికే బయల్దేరుతున్నా. రేపు ఆదివారమే కదా, ఎవరైనా ఇంకోసారి ఖాయం చేయండి.